సాహస నవలతో కొత్త మాటలు నేర్చుకునే పద్ధతి

పిల్లల కోసం రాసిన మాంత్రిక సాహస నవలను ఎంచుకునేటప్పుడు, పుటకు నాలుగైదు తెలియని మాటలకు మించి ఎదురుకానిదాన్నే తీసుకోవాలి. అంతకు మించితే కథ మీద పట్టు తప్పి, చదవడం కాస్తా నిఘంటువులో వెతుకులాటగా మారుతుంది. మన హైదరాబాదులో ఆదివారం అబిడ్స్ కాలిబాటపై పరిచే పాత పుస్తకాల్లో గాని, 1891లో ప్రారంభమైన అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో గాని ఇలాంటివి వెతకవచ్చు.

మొదటిసారి ఎక్కడా ఆగకుండా చదువుతూ, తెలియని మాట కింద పెన్సిలుతో గీత మాత్రం గీయాలి (గ్రంథాలయ పుస్తకమైతే చీటీ మీద రాసుకోవాలి). అధ్యాయం ముగిశాక వెనక్కి రావాలి. “రాకుమారుడు అగడ్తలోకి దూకగానే మొసళ్లు కదిలాయి” అన్న వాక్యంలో దూకడం, మొసళ్లు అనే రెండు ఆనవాళ్లను బట్టి అదేదో నీళ్లున్న లోతైన చోటని ముందు ఊహించి, ఆ తరువాతే శబ్దరత్నాకరం వంటి నిఘంటువు తెరిస్తే, కోట చుట్టూ తవ్విన కందకమన్న అర్థం మనసులో గట్టిగా నిలుస్తుంది. గోల్కొండ మనకు దగ్గరే కనుక, ఒకసారి పిల్లలకు కోటగోడ వెలుపలి అగడ్తను చూపిస్తే మరీ మంచిది.

మాటను ఒంటరిగా రాసుకోకూడదు. “ఒర” అని కాక “ఒరలోంచి కత్తి దూశాడు” అని రాసుకుంటే “దూయడం” కూడా వెంట వస్తుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెతా గుర్తుకొస్తుంది. రోజుకు అయిదు మాటలు చాలు. అర్థాలను పదేసిసార్లు రాయించడం, నా ఉద్దేశంలో, వట్టి చాకిరీ. దానికి బదులు మూడో రోజున పుస్తకం మూసి, ఆ మాటలతోనే కథను అమ్మమ్మకో తమ్ముడికో చెప్పించాలి. చెప్పేటప్పుడు తడబడిన మాటను మరుసటి వారం చీటీలో మళ్లీ చేర్చాలి.