ఇంట్లో బిగించిన ఫాగ్ లైట్లు: సమస్య, కారణం, పరిష్కారం

అనంతపురం నుంచి పెనుకొండ మీదుగా బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిపై చలికాలపు తెల్లవారుజామున మంచులో ప్రయాణించేవారికీ, కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్‌లో జోరువానలో బండి దించేవారికీ ఫాగ్ లైట్లు అలంకారం కావు. తక్కువ ధర మోడల్ కార్లలో చాలావాటికి బంపర్‌లో ఆ లైట్ల స్థానం ఉంటుంది గానీ, దానికి ప్లాస్టిక్ మూత బిగించి ఇస్తారు. ఆ మూత తీసి, అదే కారు పై మోడల్‌కు వచ్చే లైట్లు, వైరింగ్ కిట్, స్విచ్ కొని ఇంటి దగ్గరే బిగించుకోవడం ఓపిక ఉన్నవారికి సాధ్యమైన పనే. ఏదైనా తేడా వస్తే మాత్రం చాలామంది ముందుగా లైట్లనే అనుమానించి కొత్త బల్బులు కొంటారు. నిజానికి లోపం ఎక్కువసార్లు లైటులో ఉండదు. లైటు దాకా కరెంటు వెళ్లే దారిలోనో, తిరిగి వచ్చే దారిలోనో ఉంటుంది. అందువల్ల వోల్టేజీ కొలిచే ఒక డిజిటల్ మల్టీమీటర్, కరెంటు ఉన్న తీగకు ఆనిస్తే వెలిగే ఒక టెస్ట్ ల్యాంప్ దగ్గర పెట్టుకుని, కొలిచిన తర్వాతే దేన్నైనా మార్చాలి. వైర్లు కోసేటప్పుడు, కలిపేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీగను తప్పనిసరిగా విప్పి ఉంచాలి.

రెండు లైట్లూ వెలగడం లేదు

స్విచ్ వేయగానే రిలే నుంచి, అంటే స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో లైట్లకు పెద్ద కరెంటును కలిపే చిన్న పెట్టె నుంచి, టిక్కుమనే చప్పుడు వస్తోందా లేదా అన్నది మొదట వినాలి. ఆ ఒక్క చప్పుడుతో వెతకవలసిన చోటు సగానికి తగ్గిపోతుంది.

చప్పుడు రాకపోతే లోపం స్విచ్ వైపు ఉన్నట్టు. రిలే అడుగున ఉన్న 85, 86 పిన్నుల్లో ఒకదానికి స్విచ్ వేసినప్పుడు 12 వోల్టులు రావాలి, రెండోది బాడీ ఎర్త్‌కు, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి అయిన కారు లోహపు బాడీకి, కలిసి ఉండాలి. స్విచ్‌కు వచ్చే సప్లయ్‌ను పార్కింగ్ లైటు తీగ నుంచి తీసుకుని ఉంటే, పార్కింగ్ లైట్లు వేయనిదే ఫాగ్ లైట్లు వెలగవు. ఇది లోపం కాదు. కంపెనీ అమరిక సాధారణంగా ఉండేదీ ఇలాగే.

చప్పుడు వస్తున్నా వెలుగు లేకపోతే 30వ పిన్నును చూడాలి. అక్కడ బ్యాటరీ వోల్టేజీ ఎల్లవేళలా ఉండాలి. లేకపోతే కిట్‌లోని ఫ్యూజ్ పోయి ఉంటుంది, లేదా ఫ్యూజ్ హోల్డర్‌లో పట్టు వదులై ఉంటుంది. 30లో కరెంటు ఉండి, చప్పుడు వచ్చాక కూడా లైట్లకు వెళ్లే 87వ పిన్నులోకి రాకపోతే రిలే లోపలి కాంటాక్టులు కాలిపోయినట్టే. 87లోనూ, లైటు కప్లర్‌లోనూ (బల్బుకు తీగలను కలిపే ప్లగ్గు) 12 వోల్టులు కనబడుతున్నా బల్బులు వెలగకపోతే ఎర్త్ తెగిపోయి ఉంటుంది.

స్టీరింగ్ పక్కనుండే కాంబినేషన్ స్విచ్‌నే మార్చి, కారు సొంత వైరింగ్‌తో లైట్లు వెలిగించాలనుకున్నవారికి మరో చిక్కు ఎదురవుతుంది. కొన్ని కార్లలో లైట్లన్నిటినీ బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటర్ నడుపుతుంది. ఆ కారుకు ఫాగ్ లైట్లు ఉన్నట్టు మాడ్యూల్‌లో నమోదు కాకపోతే, వైర్లన్నీ సరిగా ఉన్నా కరెంటు రాదు. ఆ నమోదును సర్వీస్ సెంటర్ స్కానర్‌తో చేయించాలి, లేదంటే విడిగా రిలే కిట్, డ్యాష్‌బోర్డు స్విచ్ వాడాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్‌ను విప్పి చేసే పనిని మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దని నా గట్టి సలహా.

వెలుగు మందంగా ఉంది, లేదా ఒక లైటు మాత్రమే మందంగా ఉంది

ఇంట్లో చేసిన అమరికల్లో తరచుగా కనబడేదీ, ఎక్కువ డబ్బు వృథా చేయించేదీ ఈ సమస్యే. హాలొజెన్ బల్బు వెలుగు వోల్టేజీతో పాటు సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది: వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 14 వోల్టులు ఉండి, బల్బు దగ్గర పన్నెండున్నరే ఉంటే, ఎంత ఖరీదైన బల్బు వేసినా అది మందంగానే కనిపిస్తుంది.

దీన్ని కనిపెట్టడానికి ఇంజిన్ నడుపుతూ, లైట్లు వేసి ఉంచి, రెండు కొలతలు తీయాలి. మల్టీమీటర్ ఎర్ర తీగను బ్యాటరీ పాజిటివ్‌పైన, నల్ల తీగను లైటు కప్లర్‌లోని పాజిటివ్ పిన్నుపైన వెనుక నుంచి ఆనిస్తే వచ్చేది వెళ్లే దారిలోని నష్టం. తర్వాత ఎర్ర తీగను కప్లర్‌లోని నెగటివ్ పిన్నుకూ, నల్ల తీగను బ్యాటరీ నెగటివ్‌కూ ఆనిస్తే వచ్చేది ఎర్త్ దారిలోని నష్టం. కప్లర్ ఊడదీసి, బల్బు వెలగకుండా కొలిస్తే ఈ నష్టం బయటపడదు. తీగలో కరెంటు పారుతుంటేనే తెలుస్తుంది. మల్టీమీటర్ 12 వోల్టులు చూపించింది కదా అని చాలామంది మోసపోయేది ఇక్కడే.

ఎర్త్ వైపు కొలత 0.2 వోల్టులు దాటితే ఎర్త్ బాగాలేదని అర్థం. కిట్‌తో వచ్చే నల్ల తీగను దగ్గర్లో దొరికిన ఏదో ఒక బోల్టు కింద పెయింటు మీదే బిగించడం ఇందుకు ముఖ్య కారణం. బంపర్‌ను పట్టి ఉంచే సన్నని బ్రాకెట్లకు బిగించినా ఇదే ఫలితం, ఎందుకంటే వాటిలో కొన్ని ప్లాస్టిక్ క్లిప్పుల మీదే నిలబడి ఉంటాయి. బాడీ షీటుకు గట్టిగా పట్టిన బోల్టును, వీలైతే కంపెనీ ఎర్త్ ఇచ్చిన చోటును ఎంచుకుని, అక్కడి పెయింటును ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా గీకి, తీగ చివర రింగ్ లగ్ (బోల్టు దూరే లోహపు చుట్టు) నొక్కి, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన వ్యాజిలీన్ పూయాలి. ఆ పూత లేకపోతే ఒకటి రెండు వానాకాలాలకే తుప్పు పట్టి సమస్య మొదటికి వస్తుంది. ఒక్క లైటే మందంగా ఉంటే ఆ లైటు ఎర్త్‌ను, రెండూ మందంగా ఉంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఎర్త్‌ను ముందు చూడాలి.

నష్టం పాజిటివ్ వైపు ఉంటే తీగ సన్నదై ఉండవచ్చు. ఒక్కొక్కటి 55 వాట్ల బల్బులు రెండు కలిసి దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటాయి కనుక, బ్యాటరీ నుంచి రిలే దాకా, రిలే నుంచి లైట్లు చీలే చోటు దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, అక్కడి నుంచి ఒక్కో లైటుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే నిశ్చింతగా ఉండవచ్చు. తీగలను మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకులు ఇంజిన్ వేడికీ మన ఎండలకూ జిగురు కారి ఊడిపోతాయి. అలాంటివన్నీ కోసేసి, లగ్గులు నొక్కి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి.

ఫ్యూజ్ పదేపదే పోతోంది

ఈ లోడుకు 15 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతుంది. అది పోతోందని 25 లేదా 30 వేస్తే, ఈసారి కాలేది ఫ్యూజ్ కాదు, తీగ. కారులో మంట పుట్టేది అలాగే. ఫ్యూజ్ హోల్డర్‌ను బ్యాటరీకి జానెడు దూరంలోపే పెట్టాలి, లేకపోతే బ్యాటరీకీ ఫ్యూజ్‌కూ మధ్య తీగ ఒరుసుకున్నప్పుడు దాన్ని ఆపేదేమీ ఉండదు.

స్విచ్ వేయగానే ఫ్యూజ్ పోతే ఎక్కడో పాజిటివ్ తీగ బాడీకి తగులుతోంది. గుంతల్లో పడినప్పుడు మాత్రమే పోతుంటే, రేడియేటర్ ముందున్న అంచు మీదనో, బంపర్ బ్రాకెట్ దగ్గరో తీగ ఒరుసుకుపోయి ఉంటుంది. ఫ్యూజులు తగలేయకుండా వెతకడానికి, ఫ్యూజ్ తీసిన చోట రెండు చిన్న తీగలతో ఒక పాత హెడ్‌లైట్ బల్బును కలపాలి. షార్ట్ ఉన్నంతసేపూ ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, తీగలకు ప్రమాదం ఉండదు. ఒక్కొక్క కప్లర్‌నే విప్పుతూ, తీగను కదుపుతూ పోతే, ఏ చోట కదిపినప్పుడు ఆ వెలుగు తగ్గుతుందో లోపం అక్కడే ఉంది. ఆ ముక్కను మార్చి, తీగ మొత్తానికి ముడతల గొట్టం తొడిగి, ఇంజిన్ గది నుంచి క్యాబిన్‌లోకి వెళ్లే రంధ్రంలో అంచుకు తీగ కోసుకుపోకుండా రబ్బరు గ్రోమెట్ పెట్టాలి.

స్విచ్ ఆపినా వెలుగుతున్నాయి, లేదా మినుకుమంటున్నాయి

ఐదు పిన్నుల రిలేలో 87కు బదులు 87ఏకు తీగ పెడితే స్విచ్ ఆపినప్పుడు వెలిగి, వేసినప్పుడు ఆరిపోతాయి. తీగ స్థానం మారిస్తే చాలు. తాళంచెవి తీసేసినా స్విచ్ పనిచేస్తూ రాత్రికి బ్యాటరీ దిగిపోతుంటే, స్విచ్‌కు వచ్చే సప్లయ్‌ను ఎప్పుడూ కరెంటు ఉండే తీగ నుంచి తీసుకున్నట్టు. దాన్ని పార్కింగ్ లైటు సర్క్యూట్‌కు మార్చాలి. రిలే గరగరమంటూ లైట్లు మినుకుమంటే, రిలేను పనిచేయించే తీగను (ట్రిగ్గర్) మాడ్యూల్ ముక్కలు ముక్కలుగా కరెంటు పంపే తీగ నుంచి తీసి ఉంటారు. పగటిపూట వాటంతటవే వెలిగే లైట్ల తీగలు కొన్ని ఇలాంటివే. అక్కడి నుంచి తీసేసి నిలకడైన సప్లయ్ వెతకాలి.

సాకెట్ కరుగుతోంది, అద్దం లోపల చెమ్మ పడుతోంది

హెచ్ 8 బల్బు 35 వాట్లు, హెచ్ 11 బల్బు 55 వాట్లు, హెచ్ 16 బల్బు 19 వాట్లు. చూపులకు వీటి అడుగుభాగాలు దాదాపు ఒకేలా ఉంటాయి. చిన్న బల్బు కోసం చేసిన లైటులో గాడిని కాస్త చెక్కి 55 వాట్ల బల్బు దూర్చితే, ఏప్రిల్, మే ఎండల్లో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో సాకెట్ గానీ ప్లాస్టిక్ అద్దం గానీ కరగడానికి ఎంతో కాలం పట్టదు. లైటు వెనుక అచ్చు వేసి ఉన్న బల్బు రకాన్నే వాడాలి.

లైట్లు వేసిన కాసేపటికి పోయే పలుచని ఆవిరి గురించి కంగారు అక్కరలేదు. నీటి చుక్కలు నిలిస్తే బల్బు వెనుక రబ్బరు రింగు సరిగా కూర్చోలేదనో, అద్దం పగిలిందనో అర్థం. గాలి తీసుకునే చిన్న రంధ్రాన్ని మాత్రం సిలికాన్‌తో మూసివేయకూడదు. మూస్తే లోపలి తేమ బయటికి పోయే దారి ఉండదు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల దారిలో తిరిగే కార్లకు తెల్లటి రాతిపొడి అద్దంపై పొరలా పేరుకుంటుంది. దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి కనుక ముందు నీళ్లతో బాగా కడగాలి.

ఎదుటివారి కళ్లలో పడుతున్నాయి

వైరింగ్ ఎంత చక్కగా చేసినా, ఎదురుగా వచ్చే మోటారు సైకిల్ వ్యక్తికి దారి కనబడకుండా చేసే లైటు సరిగా బిగించినట్టు కాదు. ఫాగ్ లైటు వెలుగు వెడల్పుగా, నేలబారుగా, పైన కత్తితో కోసినట్టు గీతతో ఆగిపోవాలి. ఆ గీత పైకి వెళ్లిందంటే మంచు బిందువుల నుంచి వెలుగు మన కళ్లకే తిరిగి వస్తుంది.

సమతలంగా ఉన్న చోట, టైర్లలో గాలి సరిచూసి, డ్రైవర్ సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, లైటు నుంచి గోడ 25 అడుగుల దూరంలో ఉండేలా కారును నిలపాలి. లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో గోడపై గీసి, దానికి 4 అంగుళాల కింద మరో గీత గీయాలి. వెలుగు పై అంచు ఈ రెండో గీతపై పడేలా లైటు పక్కనున్న స్క్రూను తిప్పాలి.

గోడపై అంచే స్పష్టంగా కనబడకపోతే స్క్రూతో లాభం లేదు. బల్బు గాడిలో పూర్తిగా కూర్చోకపోవడం ఒక కారణం. హాలొజెన్ లైటులో ఎల్ఈడీ బల్బు వేయడం అంతకంటే సాధారణమైన కారణం: ఆ అద్దం, రిఫ్లెక్టరు ఒక సన్నని ఫిలమెంట్ స్థానాన్ని బట్టి చేసినవి కనుక, వేరే ఆకారంలో వచ్చే వెలుగును అవి నలుదిక్కులా చల్లేస్తాయి. ఎల్ఈడీయే కావాలంటే దానికోసమే తయారైన లైటు యూనిట్‌ను మొత్తంగా కొనాలి. పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందనే మాట విని రంగు బల్బులు వేయనక్కరలేదు. మంచు బిందువులు వెలుగు తరంగాల కంటే చాలా పెద్దవి కావడం వల్ల రంగును బట్టి పెద్ద తేడా రాదు. బంపర్ విప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ, వెనుక సీట్లూ డిక్కీ నింపుకుని దూర ప్రయాణానికి బయలుదేరే ముందూ ఆ గోడ గీతతో మరోసారి సరిచూసుకోవాలి, ఎందుకంటే వెనుక బరువు పడితే కారు ముక్కు పైకి లేచి, వెలుగూ దానితో పాటే లేస్తుంది.