పిల్లలకు క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ దరఖాస్తు విధానం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తల్లిదండ్రులకు

ఉద్దానం వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి ఆసుపత్రి వరండాలో రెండు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒకటి ఆరేళ్ల కూతురి ఆధార్, అందులో పేరు హేమలత. రెండోది మెడ దగ్గర గడ్డ నుంచి తీసిన ముక్కను పరీక్షించి ఇచ్చిన బయాప్సీ రిపోర్టు, అందులో పేరు బుజ్జమ్మ. మొదటి రోజు ఓపీ కౌంటర్లో "పాప పేరేటి?" అని అడిగితే పక్కనున్న నాయనమ్మ ఇంట్లో పిలిచే పేరు చెప్పింది. ఆ పేరే ఓపీ చీటీకి, అక్కడి నుంచి సీసా మీది లేబుల్‌కి, లేబుల్ నుంచి రిపోర్టుకి ఎక్కింది. వైద్యం అనుమతి కోసం కాగితాలు కంప్యూటర్లో ఎక్కించినప్పుడు, రిపోర్టులోని పిల్ల ఈ కార్డులోని పిల్లేనా అన్న ప్రశ్న వచ్చి ఆగిపోయింది. అంతలో ఒక మనిషి వచ్చి, ఎనిమిది వేలిస్తే సాయంత్రానికి సరిచేయిస్తానన్నాడు. నిజానికి దానికి ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు. ఆ సంగతి చెప్పేవాళ్లు లేక చాలామంది ఇచ్చుకుంటున్నారు.

ముందుగా పథకం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2007 ఏప్రిల్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరుతో ఇది తొలి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. తర్వాత ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చి, ప్రస్తుతం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా ఉంది. ఊళ్లలో ఇప్పటికీ అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు, ఆసుపత్రుల్లో కూడా ఆ మాట చెబితే అర్థమవుతుంది. పేరు మారింది కాబట్టి కొత్త కార్డు తీయించుకోవాలని, దానికి ఇంత ఖర్చవుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. బియ్యం కార్డు, రోగి ఆధార్ ఉంటే చాలు. మీరు నింపి ఇవ్వాల్సిన దరఖాస్తు ఫారం అంటూ విడిగా ఏదీ లేదు, దరఖాస్తు పెట్టేది ఆసుపత్రి. మీ పని ఆ దరఖాస్తు వెనక్కి తిరిగి రాకుండా కాగితాలు సరిగ్గా ఉండేలా చూసుకోవడమే.

ఇక బిడ్డ విషయం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చే జ్వరం, రోజురోజుకీ పాలిపోవడం, దెబ్బ తగలకుండానే ఒంటి మీద నల్లటి, ఊదా రంగు మచ్చలు, ఎముకల్లో నొప్పి అని నడవడానికి మొరాయించడం, మెడలోనో చంకలోనో తగ్గకుండా పెరిగే గడ్డ, స్నానం చేయించేటప్పుడు కడుపులో ఒక పక్క చేతికి గట్టిగా తగిలే ఉబ్బు, ఫొటో తీస్తే కంటి పాపలో తెల్లటి మెరుపు, పొద్దున్నే తలనొప్పితో పాటు వాంతులు, ఇలాంటివి ఉంటే ఆలస్యం చేయకూడదు. అయితే వీటిలో చాలావాటికి మామూలు కారణాలే ఎక్కువ. మెడ గడ్డలు అంటువ్యాధుల వల్లనో, క్షయ వల్లనో రావచ్చు. మన్యం వైపు మలేరియా, సికిల్ సెల్ రక్తహీనత కూడా బిడ్డను ఇలాగే పాలిపోయేలా చేస్తాయి. పరీక్షకు తీసుకెళ్లడమంటే జబ్బు ఉందని ఒప్పుకోవడం కాదు. ఒకవేళ ఉన్నా, పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్‌కు సరైన వైద్యం పూర్తిగా అందినచోట అత్యధికులు కోలుకుంటున్నారు. ఇది ధైర్యం కోసం చెప్పే మాట కాదు, వైద్యులందరికీ తెలిసిన విషయమే.

ఈ దశలో ఒక హెచ్చరిక తప్పదు. "నాలుగు దినాలకోపాలి జొరం వస్తంది, మా డాక్టరు సూది ఏస్తే తగ్గిపోతంది" అని తల్లులు చెప్పడం తరచుగా వింటాం. ఆ సూది ఏమిటో ఎవరికీ తెలియదు. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మందులు రక్త క్యాన్సర్ కణాలను కొంతకాలం అణచిపెడతాయి. జ్వరం, కీళ్ల నొప్పి తగ్గి బిడ్డ ఆడుకోవడం మొదలుపెడుతుంది, ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, ఆ తర్వాత చేసే మూలుగ పరీక్షలో జబ్బు స్పష్టంగా తేలకపోవచ్చు. కాబట్టి కారణం తేలేవరకు ఊళ్లో సూదులు వేయించవద్దు. ఇప్పటికే వేయించి ఉంటే దాచవద్దు. ఖాళీ మందు సీసా, మాత్రల అట్ట చెత్తలో పడేయకుండా ఒక కవరులో వేసి పెద్దాసుపత్రి డాక్టరుకు చూపించండి. ఎవరూ తిట్టరు. తిట్టినా పడవచ్చు గాని ఆ కవరు మాత్రం మరవకూడదు.

కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది అనుమానానికీ నిర్ధారణకూ మధ్యలోనే. పథకంలో వైద్యానికి అనుమతి వచ్చేది నిర్ధారణ అయిన జబ్బుకు. "క్యాన్సర్ కావచ్చు" అన్న మాట మీద చికిత్స మంజూరు కాదు, మంజూరుకు కాగితం మీద జబ్బు పేరు ఉండాలి. ఆ పేరు రావడానికి రక్త పరీక్ష, స్కానింగు, మూలుగ పరీక్ష లేదా బయాప్సీ కావాలి. ఇవన్నీ ప్రైవేటు ల్యాబుల్లో ఒకదాని తర్వాత ఒకటి చేయించుకుంటూ పోతే, జబ్బేదో తెలిసేనాటికి పుస్తెలు తాకట్టులో ఉంటాయి. అందుకే ఆర్‌ఎంపీ గాని, అంబులెన్సు డ్రైవరు గాని చెప్పిన చోటుకు నేరుగా వెళ్లకుండా, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్త పరీక్ష చేయించి, అక్కడి డాక్టరు చేత రెఫరల్ చీటీ రాయించుకోండి. టెక్కలి, పలాస, పాలకొండ, రాజాం ప్రభుత్వ ఆసుపత్రులకు దగ్గరగా ఉన్నవారు అక్కడ చూపించవచ్చు. అక్కడి నుంచి శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రికి, అంటే మనం ఇంకా రిమ్స్ అని పిలిచేదానికి గాని, విజయనగరం సర్వజన ఆసుపత్రికి గాని పిల్లల విభాగానికి వెళ్లండి. అక్కడి డాక్టర్లు అవసరమనుకుంటే విశాఖ కేజీహెచ్‌కు గాని, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గాని పంపిస్తారు. బిడ్డ పరిస్థితి అత్యవసరమైతే ఈ మెట్లన్నీ ఎక్కనవసరం లేదు, 108కి ఫోన్ చేయండి. కాగితాలు లేవని ఇంటి దగ్గర ఆగిపోవద్దు. అత్యవసరంలో ముందు చేర్చుకుని ఆసుపత్రి ఫోను మీద అనుమతి తీసుకునే ఏర్పాటు పథకంలోనే ఉంది.

మళ్లీ పేరు దగ్గరకు వద్దాం. ఓపీ కౌంటర్లో నోటితో పేరు చెప్పవద్దు, బిడ్డ ఆధార్ కాగితం కిటికీలోంచి లోపలికి ఇచ్చి చూసి రాయమనండి. ఇంటిపేరు ముందుందా వెనకుందా, అక్షరాలు అలాగే ఉన్నాయా, వయసు, ఆడా మగా, ఇవన్నీ అక్కడే నిలబడి చదువుకుని, తప్పుంటే అప్పుడే దిద్దించుకోండి. వెనక వరుసలో వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. మూలుగ నీరు గాని గడ్డ ముక్క గాని తీసి సీసా మీ చేతికే ఇచ్చి ల్యాబుకు పంపినప్పుడు లేబుల్ మీది పేరు మరోసారి చూడండి. అక్కడ పడిన పేరే రిపోర్టులో వస్తుంది.

ఇప్పటికే రిపోర్టులో తప్పు పేరు పడి ఉంటే దాని మీద పెన్నుతో ఎవరినీ దిద్దనివ్వవద్దు. దిద్దిన కాగితం అసలే పనికిరాకుండా పోతుంది, పైగా దొంగ కాగితమన్న అనుమానం కూడా తెస్తుంది. రిపోర్టు ఇచ్చిన ల్యాబుకే బిడ్డ ఆధార్ నకలు, మొదటి ఓపీ చీటీ జత చేసి, ఇద్దరూ ఒకరేనని, పేరు సరిచేసి కొత్త ప్రతి ఇవ్వమని తెల్లకాగితం మీద అర్జీ రాసి ఇవ్వండి. దానితో పాటు, బిడ్డను చూస్తున్న డాక్టరు చేత రెండు పేర్లూ ఒకే రోగివని ఆసుపత్రి ముద్రతో రెండు వాక్యాలు రాయించుకుంటే మరీ మంచిది. ఆసుపత్రి గేటు బయట నోటరీ అఫిడవిట్లు అమ్మేవాళ్లుంటారు. ల్యాబు సరిదిద్ది ఇచ్చిన ప్రతి ముందు ఆ అఫిడవిట్‌కు పెద్ద విలువ ఉండదని నా అభిప్రాయం. మొదట చెప్పిన తండ్రి పని కూడా అలాగే అయింది. అర్జీ ఆయన చెబుతుంటే అక్కడి నర్సమ్మే రాసి పెట్టింది.

ఒకచోట చేయించిన పరీక్షల కాగితాలు ఇంకొకచోటుకు వెళ్లేటప్పుడు ఇవ్వబోమని కొందరు తిప్పుతుంటారు. వైద్యుల వృత్తి నియమావళి, అంటే 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం రోగి గాని, రోగి తరఫువారు గాని అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. బయాప్సీ అయితే రిపోర్టు ఒక్కటే కాక, గాజు పలకలు, మైనపు దిమ్మ కూడా అడిగి తీసుకోండి. స్లైడ్లు, బ్లాకు అంటే వారికి తెలుస్తుంది. అవి మీ వెంట ఉంటే పెద్దాసుపత్రిలో వాటినే మళ్లీ చూస్తారు, బిడ్డకు రెండోసారి కోత పడకుండా తప్పవచ్చు. వాటిని గుడ్డలో చుట్టి, ఎండ తగలకుండా, పగలకుండా తీసుకెళ్లండి.

రెండో అడ్డంకి బియ్యం కార్డు. మన జిల్లాల నుంచి హైదరాబాద్, చెన్నై పనులకు వలస వెళ్లిన కుటుంబాల్లో కార్డు ఊళ్లో తాత పేరు మీద ఉంటుంది, బిడ్డ అక్కడెక్కడో పుట్టి ఉంటుంది, కార్డులో బిడ్డ పేరే ఉండదు. బిడ్డ పేరు చేర్చడం గ్రామ, వార్డు సచివాలయంలో జరుగుతుంది. జనన ధ్రువపత్రం, బిడ్డ ఆధార్, కార్డు పట్టుకెళ్లి, దరఖాస్తు నంబరు ఉన్న రసీదు తీసుకోండి. రసీదులో అచ్చయిన రుసుము తప్ప పైసా ఇవ్వనక్కర్లేదు. బిడ్డ వైద్యం కోసమని చెప్పి ఆసుపత్రి చీటీ చూపిస్తే తొందరగా చూస్తారు, చెప్పడానికి మొహమాటపడకండి. అయిదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు లేకుండానే, తల్లి లేదా తండ్రి ఆధార్ ఆధారంగా బాల ఆధార్ ఇస్తారు. అయిదేళ్లు నిండాక వేలిముద్రలు, కంటిపాప నమోదు చేయించాలి. చాలామంది ఇది మరచిపోతారు, ఆధార్ సరిచూసేటప్పుడు అక్కడ ఆగుతుంది. అయిదు నుంచి ఏడేళ్ల లోపు ఈ నమోదు ఉచితం. పుట్టిన 21 రోజుల్లో నమోదు కాని జననాలను ఏడాది దాటాక నమోదు చేయడానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, దానికి సమయం పడుతుంది. అందుచేత బిడ్డ ఆరోగ్యంగా ఉన్న ఇళ్లవాళ్లు కూడా ఈ ఒక్క కాగితం ఇవాళే వెతికి చూసుకోవడం మంచిది.

కాగితాలు సరిగ్గా ఉంటే మిగతాది త్వరగానే సాగుతుంది. ఆసుపత్రిలో పథకం కౌంటరు దగ్గర వైద్యమిత్ర ఉంటారు. ఆయన బియ్యం కార్డు, ఆధార్ చూసి నమోదు చేస్తారు, బిడ్డ ఫొటో తీస్తారు. తర్వాత ఆసుపత్రి వైద్యులు రిపోర్టులు, చికిత్స ఎలా చేయబోతున్నదీ ఎక్కించి అనుమతి కోరతారు. పథకాన్ని నడిపే ట్రస్టులోని వైద్యులు చూసి అనుమతిస్తారు, లేదా ఫలానా కాగితం కావాలని ప్రశ్న వేస్తారు. అక్కడివాళ్లు దీన్ని క్వెరీ అంటారు. క్వెరీ అంటే తిరస్కరణ కాదు. "అప్రూవల్ రాలేదు" అని మాత్రమే చెబితే సరిపెట్టుకోకుండా, ఏ కాగితం అడిగారో వైద్యమిత్ర చేత ఒక చీటీ మీద రాయించుకోండి. అనుమతి వచ్చాక ఆ చికిత్సకు పథకం ఆసుపత్రి డబ్బు అడగకూడదు. అడిగితే అక్కడే గొడవ పెట్టుకోవద్దు, 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కట్టించుకున్న ప్రతి రూపాయికీ రసీదు అడగండి.

ప్రైవేటులో ముందే ఖర్చు పెట్టుకున్నవారు ఆ బిల్లుల అసలు ప్రతులు పారేయవద్దు. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేయడానికి అవే ఆధారం. మీ ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా పంపుతారు. నకళ్లు మీ దగ్గర ఉంచుకుని అసలువి ఇవ్వండి.

పిల్లల రక్త క్యాన్సర్ చికిత్స నెల రోజులతో అయిపోదు. అందులో ఎక్కువగా వచ్చే రకానికి మొత్తం రెండు మూడేళ్లు పడుతుంది, విడతల వారీగా మందులు ఎక్కిస్తారు, అనుమతులు కూడా విడతల వారీగానే తీసుకుంటారు. జ్వరం లేదు, జుట్టు మళ్లీ వచ్చింది, బడికి వెళుతోంది అని మధ్యలో మానేసిన పిల్లలకు జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. ప్రతిసారీ పాత ఫైలు మొత్తం తీసుకెళ్లాలి, తేదీల వరుసలో ఒకే సంచిలో ఉంచాలి.

రాకపోకల ఖర్చుకు రైల్వే రాయితీ ఉంది. క్యాన్సర్ చికిత్సకు గాని, పరీక్షకు గాని వెళ్లే రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలలో టికెట్ పూర్తిగా ఉచితం. తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గుతుంది. ఇందుకు ఆసుపత్రి డాక్టరు రైల్వే నమూనాలో సంతకం, ముద్ర వేసి ధ్రువపత్రం ఇస్తారు. దాన్ని ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో గాని, విజయనగరంలో గాని రిజర్వేషన్ కౌంటర్ దగ్గర చూపించాలి. అగనంపూడికి దువ్వాడ స్టేషన్ దగ్గర కాబట్టి, మీరెక్కే బండి అక్కడ ఆగుతుందో లేదో టికెట్ తీసుకునే ముందే కనుక్కోండి, లేకపోతే విశాఖలో దిగి జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని సిటీ బస్సెక్కాల్సి వస్తుంది.