శ్రమలో (కష్టాల్లో) ఉన్న విశ్వాసి "దేవుడు ఎందుకిలా చేశాడు?" అని అడిగితే ఏం చెప్పాలి

పరామర్శకు వెళ్లే సంఘపెద్దలు ముందుగా ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వస్తున్నదో గమనించాలి. కొందరికి కారణం కావాలి. చాలామందికి పక్కన కూర్చునే మనిషి కావాలి. ఈ తేడా తెలియక నేను ఒకసారి తప్పు చేశాను. అనంతపురం దగ్గరి ఒక పల్లెలో, వాన లేక బుడ్డల (వేరుశనగ) చేను ఎండిపోయిన రైతు ఒకాయన చెట్టు పెరికి, కాయలను ఒక్కొక్కటిగా వేళ్లతో నొక్కి, గింజ లేని డొల్లలను నా చేతిలో పోసి, "ఏం పాపం చేసినానన్నా?" అని అడిగాడు. దేవుని ప్రేమించేవారికి అన్నీ కలిసి మేలుకే జరుగుతాయన్న రోమా 8:28 నేను వెంటనే వినిపించాను. ఆయన తల వంచుకొని వెళ్లిపోయాడు. వాక్యం సత్యమే, నేను చెప్పిన వేళ తప్పు.

కాబట్టి మొదట మౌనంగా కూర్చోండి. బైబిలులో పిల్లలను, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చున్నంతకాలం మంచి స్నేహితులే; నీ పాపమే దీనికి మూలమని వాదించడం మొదలుపెట్టాకే దారి తప్పారు. గ్రంథం చివర దేవుడు కోపించింది వారిమీదనే.

బాధను పాపం ఖాతాలో వేయవద్దు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు వరద రాజంపేట ప్రాంతపు ఊళ్లను ముంచెత్తినప్పుడు, ప్రాణాలు పోయినవారు బతికినవారికంటె పాపులా? సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ఎత్తి యేసు ఇదే ప్రశ్న వేసి, కారని తానే చెప్పాడు.

కారణం నిజంగా తెలుసుకోగోరే కాలేజీ పిల్లలకు సంఘ చరిత్రలోని జవాబులను వాటి హద్దులతో సహా చెప్పండి. చెడు అనేది దేవుడు చేసిన వస్తువు కాదనీ, మేలు లోపించడమేననీ, స్వేచ్ఛ గల ప్రాణులు దేవుని నుంచి తొలగడంతో అది మొదలైందనీ సంఘ బోధకుడు అగస్టీను (354–430) బోధించాడు. కల్తీ విత్తనాలమ్మి రైతును ముంచినవాని విషయంలో ఈ జవాబు గట్టిగా నిలుస్తుంది; రాని వానకు అంత సులువుగా అన్వయించదు. మనిషి ఎదగవలసినవాడుగా సృజించబడ్డాడన్న రెండవ శతాబ్దపు సంఘ బోధకుడు ఐరేనియస్ బాటలో కొందరు శ్రమను ఎదుగుదలకు సాధనంగా చూశారు. తన శ్రమ గురించి ఎవరైనా తానుగా అలా చెప్పుకోవచ్చు గాని, బిడ్డను పోగొట్టుకున్న తల్లితో మరొకరు ఆ మాట అనకూడదని నా గట్టి నమ్మకం.

ప్రార్థనలో మొరకు చోటివ్వండి. చనిపోయిన స్నేహితుడు లాజరును కొద్దిసేపట్లో లేపబోతున్నానని తెలిసీ యేసు కన్నీళ్లు విడిచాడు. "నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచావు?" అన్న 22వ కీర్తన మొదటి మాటను సిలువమీద తన మాటగా పలికాడు. మరుసటి వారం నేను ఆ రైతు దగ్గరికి మళ్లీ వెళ్లి, గట్టుమీద కూర్చుని, ఏ వివరణా లేకుండా, "యెహోవా, ఎంతకాలం?" అని మొరపెట్టే 13వ కీర్తన మాత్రం చదివాను. "ఇంకోసారి చదువన్నా" అన్నాడాయన.

వచ్చినవారందరూ వెళ్లిపోయిన నెల తర్వాత, బోరు అప్పు, పిల్లల ఫీజు సంగతి అడగడానికి తప్పక మళ్లీ వెళ్లండి.