పుష్యమాసంలో ఎనిమిది కచేరీలు, నాలుగు పాత సినిమాలు

సొంత ఊళ్లోనే కూర్చుని పాట వినాలనుకునేవాళ్లకు ఏడాదిలో పుష్యమాసాన్ని మించిన నెల లేదు. సంక్రాంతి ఈ నెలలోనే పడుతుంది. బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధన, అంటే ఆ వాగ్గేయకారుణ్ని ఆయన పాటలతోనే తలుచుకునే రోజు. ఆయన 1847 జనవరి 6న సిద్ధి పొందింది ఆ తిథినాడే. శుద్ధ పాడ్యమి నుంచి లెక్కిస్తే బహుళ పంచమి ఇరవయ్యో తిథి, కాబట్టి ఆరాధనలోపు చెవిని సిద్ధం చేసుకోవడానికి దాదాపు మూడు వారాలుంటాయి. మీ ఇంట్లో క్యాలెండర్ తీసి ముందు ఆ రోజు చుట్టూ సున్నా చుట్టండి.

వారానికి రెండు కచేరీలు, ఒక పాత సినిమా చాలు. ఉత్సాహంతో రోజూ ఒకటి పెట్టుకున్నవాళ్లు రెండో వారానికల్లా మానేస్తారు, ఎందుకంటే విన్నది మనసులో ఇంకడానికి వ్యవధి ఉండదు. ఇంకో మాట: కచేరీ ఒక దారిన, సినిమా ఒక దారిన పోకూడదు. ఒకే రాగాన్ని అక్కడా ఇక్కడా వినేలా జతచేయండి. పేర్లు బట్టీపట్టినా పట్టుబడని రాగాలు ఇలా వింటే పట్టుబడతాయి.

కచేరీలు ఎక్కడ దొరుకుతాయి

దినపత్రికల జిల్లా పేజీల్లో 'నగరంలో నేడు' తరహా శీర్షిక ఉంటుంది, ఉదయం టీతోపాటు అది చూడటం అలవాటు చేసుకోండి. హైదరాబాద్‌లో రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం, విశాఖలో కళాభారతి, రాజమహేంద్రవరంలో ఆనం కళాకేంద్రం, తిరుపతిలో మహతి, ఇవన్నీ అందరికీ తెలిసినవే. వీటికన్నా మీ ఊరి రామాలయం, శివాలయం, సంగీత కళాశాల నోటీసు బోర్డులు ఎక్కువ పనికొస్తాయి. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. అలాంటి ఊళ్లో ఆరాధన వారంలో వీధికో పాట వినిపిస్తుంది. చాలా చోట్ల టికెట్ ఉండదు. వేదికలు చివరి నిమిషంలో మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఆహ్వానపత్రం మీదున్న నంబరుకు ఒక్క ఫోన్ చేయండి.

ఆరాధన సందర్భంగా స్థానిక కళాకారులకు తలా అరగంట చొప్పున ఇస్తారు. పేరున్నవాళ్ల కోసం రాత్రిదాకా ఆగి వచ్చేవాళ్లు ఈ అరగంటలు పోగొట్టుకుంటారు. మధ్యాహ్నం పూట, పాతిక మంది కూడా లేని హాల్లో, ఒక సంగీతం టీచరు పాడే కృతి మీకు మూడడుగుల దూరంలో వినపడుతుంది. దానికి సాటి లేదు.

సంక్రాంతికి పాట మీ గుమ్మం ముందుకే వస్తుంది. హరిదాసు తలమీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, భుజాన తంబుర. ఆయన్ని మాటల్లో పెట్టకండి, దోసిలితో బియ్యం పోసి పక్కన నిలబడి వినండి. గంగిరెద్దులవాళ్లు వస్తే సన్నాయి ఒక పాట పూర్తిగా వాయించమని అడగండి, ఎంతిస్తారో ముందే చెప్పండి.

హాల్లో ఎక్కడ కూర్చోవాలి, ఏం చూడాలి

మొదటి వరుస మంచిదని అందరూ అనుకుంటారు. మైకులతో జరిగే కచేరీలో అది మంచిది కాదు. పక్కనున్న స్పీకరు పెట్టెలోంచి మృదంగం మోత తప్ప ఇంకేమీ చెవికి ఎక్కదు. మధ్య వరుసలో, వేదిక నుంచి నాలుగు నుంచి ఎనిమిదో వరుస లోపు కూర్చోండి. గుళ్లో మైకు లేకుండా పాడుతుంటే మాత్రం ఎంత దగ్గరైతే అంత మేలు.

గాయకుడి ఎడమవైపు వయొలిన్, కుడివైపు మృదంగం ఉంటాయి. మనవైపు నుంచి చూస్తే మృదంగం ఎడమన. అలా కూర్చుంటే మృదంగం కుడి ముఖం, అంటే శ్రుతి పలికే ముఖం, సభవైపు తిరుగుతుంది. ఎడమచేతివాటం విద్వాంసుడైతే రెండోవైపు మారి కూర్చుంటాడు. కచేరీకి పది నిమిషాల ముందే వెళ్తే ఒకటి చూడొచ్చు: మృదంగ విద్వాంసుడు చిన్న డబ్బాలోంచి తడిపిన బొంబాయిరవ్వ ముద్ద తీసి ఎడమ ముఖం మధ్యలో బిళ్లలా అద్దుతాడు. రెండు దెబ్బలు వేసి విని, ఇంకాస్త అద్దుతాడు లేదా వేలితో గీకేస్తాడు. ఆ గంభీరమైన నాదం ఆ రవ్వ బరువు వల్ల వస్తుంది. రవ్వ ఆరిపోతే శబ్దం పలచబడుతుంది, అందుకే మధ్యలో నీళ్ల చుక్క వేస్తుంటారు.

తాళం వేయడం మొదటి వారమే నేర్చుకోండి. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు: తొడమీద ఒక దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు, ఆపైన దెబ్బ, అరచేయి తిప్పడం, మళ్లీ దెబ్బ, మళ్లీ తిప్పడం. కొత్తవాళ్లు పాట మొదలైన మాటకే మొదటి దెబ్బ వేసి తప్పిపోతారు. చాలా కృతులు దెబ్బ పడ్డాక కాస్త ఆగి ఎత్తుకుంటాయి. పాడేవారి చేయి చూసి కలపండి, మాటను బట్టి కాదు. తాళం చప్పుడు పక్కవాళ్లకు వినపడకూడదు.

కచేరీ రెండు, రెండున్నర గంటలు సాగుతుంది. వర్ణంతో (స్వరాలూ సాహిత్యమూ కలిసిన ఆరంభ రచన) మొదలై, గణపతి కృతి, ఒకటి రెండు చిన్న కృతులు, తర్వాత ప్రధాన కృతి. అందులో ముందు ఆలాపన (మాటల్లేకుండా రాగాన్ని విప్పడం), కృతి, నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా పాడటం), కల్పన స్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు), ఆఖరున తని ఆవర్తనం (మృదంగ విద్వాంసుడు ఒంటరిగా వాయించే భాగం). అటుపైన జావళి, తిల్లానా లాంటి తేలిక అంశాలు, చివర సౌరాష్ట్రంలోనో మధ్యమావతిలోనో మంగళం. తని మొదలవగానే కాఫీకి లేచిపోయే అలవాటు మన సభల్లో ఎక్కువగా ఉంది. గంటన్నర పాటు ఇంకొకరి వెంట నడిచిన మనిషికి తన సొంత మాట చెప్పుకునే చోటు అదొక్కటే. కూర్చోండి. ఒకే అల్లిక మూడుసార్లు వచ్చి మొదటి దెబ్బమీద వాలుతుంది. తాళం వేస్తుంటే అది వాలే చోటు ముందే తెలుస్తుంది, ఆ ఆనందం చెబితే తెలిసేది కాదు. వెళ్లక తప్పకపోతే ఒక అంశం ముగిశాక వెళ్లండి.

టీవీలో పాత సినిమా పాడవకుండా

నలుపు తెలుపు సినిమాల్లో చాలావాటి తెర దాదాపు చదరం: వెడల్పు 4 పాళ్లయితే ఎత్తు 3. ఇప్పటి టీవీ 16కి 9. టీవీ దాన్ని సాగదీస్తే ఎన్టీఆర్ ముఖం గుమ్మడికాయలా కనిపిస్తుంది, పైనా కిందా కత్తిరిస్తే నాట్యంలో పాదాలు ఎగిరిపోతాయి. రిమోట్‌లో పిక్చర్ సైజును 4:3కి గానీ 'ఒరిజినల్'కి గానీ మార్చండి. పక్కల నల్లపట్టీలు ఉండాల్సిందే. ఆన్‌లైన్ ప్రతినే కత్తిరించి ఎక్కించి ఉంటే సెట్టింగు ఏమీ చేయలేదు. మొదటి ఐదు నిమిషాల్లో తలలు తెగి కనిపిస్తే ఇంకో ప్రతి వెతకండి. 'వివిడ్' మోడ్ తీసేసి 'సినిమా' మోడ్ పెట్టండి. కదలికను నున్నగా చేసే సౌకర్యాన్ని ఆపేయండి, లేకపోతే సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది.

ఆ రోజుల శబ్దం మోనో. సరౌండ్ మోడ్ పెడితే గొంతు గుహలోంచి వచ్చినట్టుంటుంది, దాన్ని కట్టేయండి. బుసబుసమనే చప్పుడు ఎక్కువుంటే ట్రెబుల్ రెండు మూడు అంకెలు తగ్గించండి. అంతకన్నా తగ్గిస్తే మాటల్లో స, శ తేడా పోతుంది.

నిడివి కూడా చూసుకోండి. 'మాయాబజార్' మూడు గంటలు దాటాలి. రెండున్నరకే అయిపోతే పాటలు కోసేసినట్టే. 2010లో వచ్చిన రంగుల ప్రతి నిడివి అసలుకన్నా తక్కువ. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ పండించిన వెన్నెల చూడాలంటే నలుపు తెలుపే చూడండి.

డాబామీద ప్రొజెక్టర్ పెట్టేవాళ్లకు జనవరిలో మంచుతో చిక్కు. ఎనిమిది దాటాక లెన్స్ మీద తేమ పడుతుంది. ఆరున్నరకు మొదలెట్టండి, యంత్రం మీద కప్పు ఉండేలా చూసుకోండి, వెనక గాలి వచ్చే చోటు మాత్రం మూయకండి. తెరకు బెడ్‌షీట్ కడితే నాలుగు మూలలే కాక అడుగున కర్ర కూడా కట్టాలి, లేదంటే గాలికి బొమ్మ ఊగుతుంది.

నాలుగు వారాలు

మొదటి వారం మోహన. సంగీతం నేర్చుకునే పిల్లలు తొలిరోజుల్లో పాడే 'నిన్నుకోరి' వర్ణం ఆ రాగమే. దాన్ని మూడుసార్లు వినండి. శనివారం 'మాయాబజార్' (1957) పెట్టండి. 'లాహిరి లాహిరి' మొదలవగానే ఎవరూ చెప్పకుండానే చెవి గుర్తుపడుతుంది. మోహనకు ఐదే స్వరాలు: స రి గ ప ద.

రెండో వారం దర్బారీ కానడ, 'జగదేకవీరుని కథ' (1961). పెండ్యాల నాగేశ్వరరావు బాణీలో ఘంటసాల పాడిన 'శివశంకరీ' కోసం. తెరమీద ఎన్టీఆర్ ఐదు రూపాల్లో కనిపిస్తారు. మొదటిసారి బొమ్మ చూడండి, రెండోసారి కళ్లు మూసుకుని గాంధారం ('గ' స్వరం) దగ్గర గొంతు ఊగే తీరు ఒక్కటే పట్టుకోండి. ఈ రాగాన్ని మన కచేరీల్లో ప్రధానంగా పాడటం అరుదు, చివరి చిన్న అంశాల్లో వెతకాలి.

మూడో వారం ఆరాధన వచ్చేలా సర్దుకోండి. ఆ రోజు పాడే త్యాగరాజు పంచరత్న కృతులు ఐదు, వాటి రాగాలు: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. ఐదూ ఆదితాళమే. మొదటిది సంస్కృతం, తక్కినవి మన తెలుగు. గోష్ఠి, అంటే అందరూ కలిసి పాడటం, గంటకు పైగా సాగుతుంది, ముందు స్వరం పాడి తర్వాత సాహిత్యం పాడతారు. పాడటం రాకపోయినా పెద్దక్షరాల పుస్తకం పట్టుకుని అంచున కూర్చోండి. కొత్తవాళ్లు తెలిసిన చరణం రాగానే వేగం పెంచేస్తారు, పెద్దవాళ్ల చేయి చూస్తూ వెనకే ఉండండి. ఐదింటిలో వరాళి కృతి తక్కువగా వినపడుతుంది. గురువు ఆ రాగాన్ని శిష్యుడికి నేరుగా చెప్పకూడదన్న నమ్మకం పాతది. గోష్ఠిలో వచ్చినప్పుడు అది వదులుకోకండి. రెండు రోజులాగి చిత్తూరు నాగయ్య నటించి పాడిన 'త్యాగయ్య' (1946) చూడండి. ముందే చూస్తే నెమ్మదిగా ఉందనిపిస్తుంది. గోష్ఠి విన్న చెవికి నాగయ్య గొంతు తక్కువ స్థాయిలో ఎంత పలుకుతుందో తెలుస్తుంది.

నాలుగో వారం హిందోళం, 'శంకరాభరణం' (1980). ఇందులోనూ ఐదే స్వరాలు, కానీ రి, ప ఉండవు: స గ మ ద ని. పంచమం ('ప') లేదు కాబట్టి కొందరు తంబుర మొదటి తీగను పంచమం బదులు మధ్యమానికి ('మ') శ్రుతి చేస్తారు. తంబుర అలా మారిందంటే హిందోళం లాంటిది రాబోతోందని ముందే పసిగట్టొచ్చు. త్యాగరాజు 'సామజవరగమన'ను ఎవరి కచేరీలోనైనా విన్నాక సినిమాలో అదే మాటతో మొదలయ్యే పాట పెట్టండి. త్యాగయ్య మాట ఎక్కడ ఆగి సినీకవి వేటూరి మాట ఎక్కడ మొదలైందో, రాగం అతుకు కనపడకుండా ఎలా దాటిందో వినండి. వినపడకపోతే అక్కడిదాకా వెనక్కి జరిపి మళ్లీ వినండి.