విశాఖ బాల్కనీలో కుండీ ఆర్కిడ్ పెంచడం ఎలా?

విశాఖ ఎండలకు ఆర్కిడ్ బతకదని చాలామంది అనుకుంటారు. నిజానికి మన సముద్రపు గాలిలో ఉండే తేమ దానికి బాగా పడుతుంది. ఇళ్లల్లో ఆర్కిడ్లు ఎక్కువగా పోయేది వేళ్లకు గాలి ఆడకే. ఈ సంగతి గుర్తుంటే మిగతా పనంతా తేలిక.

ముందు మొక్కను ఎంచుకోవాలి. నర్సరీలో ఫలెనాప్సిస్ అనే రకం ఆర్కిడ్ పూలు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ అది మళ్లీ పూలకాడ వేయాలంటే కొన్ని వారాలు చల్లదనం కావాలి. మన ఊళ్లో ఆ చలి డిసెంబరు, జనవరి నెలల్లోనే. అందుకే మొదటిసారి పెంచేవాళ్లు డెండ్రోబియం అనే రకం తీసుకోండి, వేడికి తట్టుకుంటుంది. కొనేటప్పుడు పూలకన్నా వేళ్లు చూడండి. గట్టిగా, తెల్లగా, కొసలు పచ్చగా ఉంటే మంచిది. నొక్కితే మెత్తగా అణిగిపోయే గోధుమరంగు వేరు కుళ్లిపోయినట్టే.

అనంతగిరి, అరకు వెళ్లినప్పుడు చెట్ల మీద కనిపించే ఆర్కిడ్లను మాత్రం దయచేసి పీక్కురావద్దు. వాటి గింజ అడవిలో మొలకెత్తాలంటే తగిన శిలీంధ్రం తోడుండాలి. ఒక మొక్క పోతే ఆ చోట ఇంకొకటి రావడం అంత సులువు కాదు.

కుండీ నాలుగైదు అంగుళాలది చాలు, కాస్త ఇరుకుగా ఉన్నా నష్టం లేదు. పక్కలకు కూడా కన్నాలున్న మట్టి కుండీ అయితే మేలు. అందులో మట్టి పిడికెడు కూడా వేయొద్దు. ఉసిరికాయంత కట్టెబొగ్గు ముక్కలు, ఇటుక ముక్కలు సగం సగం వేసి, పైన కొద్దిగా కొబ్బరి డొక్క ముక్కలు వేయండి. డొక్కను ముందే రెండు మూడు రోజులు నానబెట్టి, రోజూ ఆ ఎర్రనీళ్లు పారబోయాలి. అది నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి మన వానాకాలానికి ఎక్కువైతే ప్రమాదం.

నాటేముందు, మంట మీద కాల్చి చల్లార్చిన కత్తెరతో కుళ్లిన వేళ్లను తీసేయండి. పాత కాండాలు కుండీ అంచువైపు, కొత్త పిలక వచ్చే వైపు ఖాళీ చోటు ఉండేలా పెట్టాలి. పిలక మొదలు బొగ్గుల పైకి కనిపిస్తుండాలి, పూడ్చేస్తే కుళ్లుతుంది. తర్వాత పుల్ల గుచ్చి వదులుగా కట్టండి. మొక్క గాలికి ఊగితే కొత్త వేరు కొసలు దెబ్బతింటాయి.

తూర్పు బాల్కనీలో పొద్దుటి ఎండ తగిలితే చాలు. మార్చి నుంచి జూన్ దాకా సగం ఎండను ఆపే 50 శాతం షేడ్ నెట్ కట్టండి. ఆకు మరీ ముదురు పచ్చగా మారితే వెలుతురు చాలనట్టు, పసుపు తిరిగితే ఎండ ఎక్కువైనట్టు.

ఇక నీళ్లు. అసలు జాగ్రత్తంతా ఇక్కడే. ఆర్కిడ్ వేరు మీద స్పాంజిలాంటి పొర ఉంటుంది. ఎండినప్పుడు వెండిరంగులో ఉండే ఆ పొర, నీళ్లు పోయగానే చూస్తుండగానే ఆకుపచ్చగా మారుతుంది. మళ్లీ వెండిరంగుకు వచ్చాకే నీళ్లు పోయాలి. ఎండాకాలంలో అది రోజూ కావచ్చు, ముసురు పట్టినప్పుడు వారం దాకా అవసరం పడకపోవచ్చు. అందుకే గడియారం చూసి కాదు, వేరు చూసి పోయండి. పొద్దున పోస్తే రాత్రికి ఆకుల మొదళ్లు ఆరిపోతాయి. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వొద్దు. తీరానికి దగ్గర్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాడకండి, ఆకు కొసలు మాడతాయి. వాన నీళ్లు పట్టుకుంటే అంతకన్నా మంచివి లేవు. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు అప్పుడప్పుడు ఆకులను మంచినీళ్లతో కడగాలి, గాలితో వచ్చే ఉప్పు పేరుకుంటుంది.

కొత్త పిలకలు ఎదుగుతున్నన్నాళ్లూ నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు లీటరు నీటికి 1 గ్రాము కలిపి, వారానికోసారి తడి వేళ్ల మీద పోయండి. నెలకోసారి ఉత్త నీళ్లతో కుండీని బాగా కడిగేయండి. పిండినల్లి కనిపిస్తే సబ్బునీళ్లలో ముంచిన దూదితో తుడిస్తే చాలు.

అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి చెట్లను ఏం చేసిందో చూశాం కదా. హెచ్చరిక రాగానే వేలాడే కుండీలన్నీ దించి గదిలో పెట్టండి.

ఆకులు రాలిన పాత కాండం ఎండిపోయిందనుకుని కోసేయకండి. అది గట్టిగా ఉన్నంతకాలం అందులో నీరు, ఆహారం నిల్వ ఉంటాయి. ఒక్కోసారి దాని కణుపు దగ్గరే చిన్న పిల్లమొక్క వస్తుంది. దాని వేళ్లు రెండు అంగుళాలు పెరిగాక కోసి, అలాంటి కుండీలోనే నాటుకోవచ్చు.