జూన్‌లో హాస్టల్‌కు పంపే ముందు: మత్తు గురించి పిల్లలతో ఇప్పుడే మాట్లాడండి

పదో తరగతి పరీక్షలు అయిపోయాక జూన్‌లో ఇంటర్ కాలేజీలు తెరిచేదాకా దాదాపు రెండు నెలల ఖాళీ. ఆ తర్వాత నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ పిల్లలు చాలామంది ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో దిగుతారు. మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి పిల్లలు కూడా సిటీలోకి పోతారు. బకెట్టు, పరుపు, ట్రంకు పెట్టె అన్నీ గుర్తు పెట్టుకుని కొంటాం. మత్తు గురించి మాట్లాడటం మాత్రం వాయిదా పడుతుంది. "మావాడు అలాంటోడు కాదు" అనే నమ్మకంతోనే చాలా ఇళ్లలో ఆ మాట ఎత్తరు. పిల్లవాడు మన కళ్లముందు ఉన్న ఈ రెండు నెలలే దానికి సరైన సమయం.

ముందు మన ఇంటి నుంచే మొదలుపెట్టాలి. ఏప్రిల్, మే అంటే పెళ్లిళ్లు, దావత్‌లు. మటన్ ఉడుకుతుంటే పక్కన బీరు కేసు దిగుతుంది. మేనమామో చిన్నాయనో ప్రేమగానే పిలిచి, "టెన్త్ అయిపోయింది కదరా, ఒక్క గుటక తాగు, ఏం కాదు" అంటాడు. అందరూ నవ్వుతారు. పదిహేనేళ్ల పిల్లవాడికి మొదటి గుటక ఇచ్చేది చాలాసార్లు బయటివాడు కాదు, మనవాడే. పెద్దవాళ్లు ఇస్తే తప్పు కాదన్న అర్థం వాడికి అక్కడే పడిపోతుంది. రేపు హాస్టల్‌లో సీనియర్ "అన్నను నేనే ఇస్తున్న కదా" అన్నప్పుడు వద్దనడానికి వాడికి మాట దొరకదు. అందుకే దావత్‌కు పోకముందే చుట్టాలకు గట్టిగా చెప్పండి, మొహమాటపడొద్దు. తెలంగాణలో మద్యం కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. 18 ఏళ్లలోపు పిల్లలకు మద్యం గానీ, పొగాకు గానీ, మత్తుమందు గానీ ఇచ్చినవాళ్లకు 2015 బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. మేనమామకైనా అదే చట్టం.

కల్లు సంగతి విడిగా చెప్పాలి. చెట్టు కింద గీత కార్మికుడు పోసే కల్లు మన ఊళ్లలో తరాలుగా ఉన్నదే. దాని మీద బతికే కుటుంబాలను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. భయమంతా కల్తీ కల్లుతోనే. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ ఉన్నచోట నీళ్లలో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మడం మహబూబ్‌నగర్ వైపు పాత సమస్యే. అవి నిద్రమాత్రల జాతి మందులు. రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ కూడా రావొచ్చు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో పిల్లవాడికి అప్పటికే అలవాటై ఉంటే గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే ప్రయత్నం చేయొద్దు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే మోతాదు చూసుకుంటూ మెల్లగా మాన్పిస్తారు.

ఇంట్లో మందుల డబ్బా కూడా ఒకసారి తెరిచి చూడండి. నానమ్మ నిద్రగోలీలు, తాత ఆపరేషన్ తర్వాత మిగిలిన ట్రమడాల్ నొప్పి మాత్రలు, సగం తాగి వదిలేసిన కోడైన్ దగ్గు సిరప్ అందులో ఉంటే వాటిని బీరువాలో పెట్టి తాళం వేయండి. స్ట్రిప్‌లో ఎన్ని మిగిలాయో రాసుకోండి. ఆల్ప్రాజోలం, ట్రమడాల్, కోడైన్ షెడ్యూల్ హెచ్1 మందులు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే మెడికల్ షాపువాళ్లు రిజిస్టర్‌లో రాయాలి. మీ వీధి షాపులో పిల్లలకు అడిగిందే తడవుగా ఇస్తున్నారని తెలిస్తే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయండి.

చిన్నపిల్లల విషయంలో నాకు గంజాయి కన్నా ఎక్కువ భయం వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్, థిన్నర్ అంటే. మత్తు కోసం వీటి వాసన పీలుస్తారు. ఇవి పది ఇరవై రూపాయలకు దొరుకుతాయి, కొనేటప్పుడు ఎవరూ అడగరు. ఎయిమ్స్ వైద్యులు చేసి 2019లో విడుదలైన జాతీయ సర్వేలో పెద్దల కన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే. ఇలా పీల్చేవాళ్లు పెద్దల్లో 0.58 శాతమైతే, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం. బట్టలు ఉతికేటప్పుడు కర్చీఫ్ ఒకచోట గట్టిపడి, తెల్లగా పొరలు పొరలుగా ఊడుతుంటే, చొక్కా చేతి అంచు దగ్గర పెయింటు వాసన వస్తుంటే, మూతి చుట్టూ ఎర్రగా పొక్కి ఉంటే అనుమానించాలి. మొదటిసారి పీల్చినప్పుడే గుండె లయ తప్పి చనిపోయే ప్రమాదం ఉంది. పీలుస్తుండగా చూస్తే అరుస్తూ వెంటపడి తరమొద్దు. ఆ భయానికి, ఆ పరుగుకు గుండె ఆగిపోవచ్చు. నిదానంగా దగ్గరికి పోయి చేతిలోది తీసుకుని, గాలి ఆడేచోట కూర్చోబెట్టండి.

ఇక గంజాయి. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు అడవుల నుంచి హైదరాబాద్‌కు పోయే సరుకులో కొంత కోదాడ, సూర్యాపేట, నార్కట్‌పల్లి మీదుగా 65వ నంబర్ జాతీయ రహదారిలోనే పోతుంది. అంటే అది మన గడప ముందు నుంచే పోతోంది. సిగరెట్‌లో పొగాకు తీసి నింపుతారు, చాక్లెట్ రూపంలోనూ అమ్ముతారు. చాక్లెట్‌తో ఒక మోసం ఉంది. తిన్న వెంటనే ఏమీ అనిపించదు, మత్తు ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటల దాకా పడుతుంది. ఏమీ కాలేదని పిల్లలు ఇంకోటి, ఇంకోటి తింటారు.

పిల్లలకు చెప్పేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "గంజాయి ఒక్కసారి పీలిస్తే చచ్చిపోతావ్" అంటే రేపు హాస్టల్‌లో పీల్చి కూడా బతికే ఉన్న సీనియర్‌ను చూస్తాడు, ఆ తర్వాత మన మాట ఏదీ నమ్మడు. మెదడు పూర్తిగా పక్వానికి రావడానికి పాతికేళ్లు వచ్చేదాకా పడుతుందని చెప్పండి. ఈ వయసులో తరచుగా గంజాయి తాగితే జ్ఞాపకశక్తి, చదువు మీద ధ్యాస దెబ్బతింటాయనీ, కొందరికి లేని గొంతులు వినిపించే మానసిక జబ్బు దాకా పోతుందనీ చెప్పండి. ఎవరికి అలా అవుతుందో ముందే చెప్పడం ఎవరి వల్లా కాదు.

వాడకం కన్నా ముందు వచ్చే ఉచ్చు ఇంకోటి ఉంది, సరుకు చేరవేయడానికి, డబ్బు చేతులు మార్చడానికి పిల్లల్ని వాడుకోవడం. "ఈ కవర్ ఫలానా చోట ఇచ్చి రా, ఐదు వందలిస్తా." "నా ఫోన్‌పే పనిచేస్తలేదు, నీకు డబ్బులేయిస్తా, నువ్వు క్యాష్ ఇయ్యి." "బస్సులో ఈ బ్యాగు నీ దగ్గర పెట్టుకో." ఈ మూడు మాటలూ అచ్చం ఇలాగే పిల్లలకు చెప్పి పెట్టండి. 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్)లో కిలోలోపు గంజాయికి ఏడాది దాకా జైలుంటే, 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ ఉండదు. 18 నిండనివాళ్ల కేసు బాల న్యాయ మండలికి పోతుంది నిజమే. కానీ ఆ స్టేషన్, ఆ విచారణ, ఆ పోయిన ఏడాది ఆ పిల్లవాడివే.

వద్దనడం నోటితో అలవాటు చేయించాలి. మీరే సీనియర్‌లా అడగండి, వాణ్ని జవాబు చెప్పనివ్వండి. "నాకు పడదన్నా, పోయిన్సారి వాంతులైనయ్" అన్నా సరే, "మా నాయన రాత్రి వీడియో కాల్ చేస్తడు" అన్నా సరే. తప్పించుకోవడానికి అబద్ధమాడినా పర్వాలేదని చెప్పండి. ఒక గుర్తు మాట కూడా పెట్టుకోండి. ఎక్కడైనా ఇరుక్కుంటే ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, బర్రె ఈనిందా?" అంటే చాలు, పక్కనున్నవాళ్లకు అర్థం కాదు. వెంటనే మీరే "తాతకు బాగాలేదు, బయలుదేరు" అనాలి, పోయి తెచ్చుకోవాలి. ఆ రాత్రి మాత్రం ప్రశ్నలు వేయొద్దు. ఆ ఒక్క రాత్రి తిడితే ఆ ఫోన్ ఇంకోసారి రాదు.

అప్పటికే అలవాటైందని తెలిస్తే కొట్టడం, నలుగురిలో పంచాయితీ పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్యులను కలవొచ్చు. మత్తు మాన్పించడానికి సలహా కావాలంటే 14446, మానసిక సమస్యలకు టెలి మానస్ 14416 నంబర్లకు ఫోన్ చేస్తే చాలు. ఎక్కడైనా అమ్ముతున్నారని తెలిస్తే 1908కి చెప్పండి. చికిత్సకు పోతే కేసు పెడతారేమోనని చాలామంది తల్లిదండ్రులు వెనక్కి తగ్గుతారు. కొద్ది మోతాదుతో పట్టుబడినవాళ్లు తమంతట తాము ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది.

స్పృహ తప్పి పడి ఉంటే మజ్జిగ, ఉప్పునీళ్లు, నిమ్మరసం ఏదీ పోయొద్దు, వాంతి చేయించొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. శ్వాస చూస్తూ ఉండండి. ఏం తీసుకున్నాడో తెలిస్తే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి, ఖాళీ స్ట్రిప్ గానీ సీసా గానీ దొరికితే వెంట తీసుకుపోండి. ఈ మాట పిల్లవాడికి కూడా నేర్పాలి. హాస్టల్ గదిలో స్నేహితుడు పడిపోతే వార్డెన్ తిడతాడని భయపడి తలుపు వేసుకుని కూర్చోకూడదు.

చేర్పించే రోజు ఫీజు కట్టి వెంటనే బస్సెక్కకండి. వార్డెన్‌ను నాలుగు మాటలు అడగండి: ఆదివారం బయటికి పంపేటప్పుడు ఇంటికి ఫోన్ చేస్తారా, గదిలో సీనియర్లతో కలిపి పెడతారా, కాలేజీలో యాంటీ డ్రగ్ కమిటీ ఉందా, రాత్రిపూట పిల్లలకు బాగాలేకపోతే ఏ ఆస్పత్రికి తీసుకుపోతారు. జవాబు తడుముకుంటే ఇంకో హాస్టల్ చూడండి, జూన్ మొదటి వారంలో సీట్లు ఇంకా ఉంటాయి.