ఎండలు ముదిరేలోగా కానిచ్చేయాల్సిన పనులు

శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందంటారు గానీ, మన శ్రీకాకుళం వైపు అది ఒక్కరోజులో పోయేది కాదు. తెల్లారి నాగావళి ఒడ్డున మంచు కమ్మే ఉంటుంది, పదకొండయ్యేసరికి ఫ్యాన్ వేసుకోవాలి, అర్ధరాత్రి దాటాక మళ్లీ దుప్పటి వెతుక్కోవాలి. మామిడి పిందె పడుతూ, ఉద్దానంలో జీడిపూత వాసన గుప్పుమనే ఈ కొన్ని వారాలే ఇంట్లో చిల్లర పనులకి సరైన టైము. ఏప్రిల్ వచ్చిందంటే మేడెక్కే ఓపిక మనకుండదు, ఏసీ మెకానిక్కులు ఫోన్ ఎత్తరు.

అన్నిటికంటే ముందు మేడ సంగతి చూడండి. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాల్ని తాకేది మార్చి రెండో వారంలో ఒకసారి, అక్టోబరు మొదట్లో ఒకసారి కదా, ఆ రెండు సార్లూ సూర్యుడు తూర్పున దాదాపు ఒకేచోట ఉదయిస్తాడు. మార్చి నుంచి రోజురోజుకీ ఉత్తరానికి జరుగుతూ, మే రెండో వారానికి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వచ్చేస్తాడు. అంటే ఇప్పుడు దక్షిణం కిటికీలోంచి పలకరిస్తున్న ఎండ అప్పటికి మొత్తం స్లాబు మీదే పడుతుంది. కర్టెన్లకి పెట్టే డబ్బులు సున్నానికి పెట్టండి అనేది అందుకే. తెల్లటి మేడ ఎండని చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది, కింద గదిలో తేడా ఆ రాత్రే తెలుస్తుంది.

పద్ధతి కష్టమేం కాదు. మేడంతా ఊడ్చి, పాకుడు పట్టినచోట వైరు బ్రష్షుతో గోకి, కడిగి, ఒకరోజు ఆరనివ్వండి. వాన నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు కూడా అప్పుడే తీసేయండి. సున్నం రాళ్లు తెస్తే మాత్రం జాగ్రత్త, నీళ్లు తగలగానే సలసలా మరిగిపోతాయి, ప్లాస్టిక్ బకెట్టు వాడొద్దు, ఇనప డ్రమ్ము కావాలి, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి. రాత్రంతా నానాక పొద్దున్నే పాత పంచెలో వడకట్టి, పట్టు కోసం కొంచెం ఫెవికాల్ కలపండి. సాయంత్రం ఎండ తగ్గాక స్లాబు మీద నీళ్లు చిలకరించి ఒక పూత, మర్నాడు ఇంకో పూత వేయండి. మండే ఎండలో వేస్తే ఆరీ ఆరగానే పొడిపొడిగా లేచి కాళ్లకి అంటుకుంటుంది. కళ్లకి ఏదో ఒక అద్దం పెట్టుకోండి, కూలింగ్ గ్లాసులైనా ఫర్వాలేదు.

సున్నం కొట్టకముందే రగ్గులూ బొంతలూ ఉతికి అదే మేడ మీద ఆరేసుకుంటే మంచిది. సముద్రానికి దగ్గరగా, కళింగపట్నం, భావనపాడు వైపు ఉన్నవాళ్లు పొద్దున్నే ఆరేసి రెండింటిలోపు తీసేయాలి. ఆ తర్వాత సముద్రపు గాలి మొదలై తేమ తెస్తుంది, పొడి బొంత కూడా చల్లగా తగులుతుంది. బొబ్బిలి, రాజాం వాళ్లకి ఆ బెంగ లేదు. మడత పెట్టేటప్పుడు మధ్యలో ఎండు వేపాకు వేయండి. వడియాలకీ ఇదే టైము, కానీ ఆ విషయంలో ఇంట్లో పెద్దవాళ్లకి నేను చెప్పేదేముంటుంది!

ఫ్యాన్ రెక్కకి పాత దిండు గలీబు తొడిగి ఇవతలికి లాగితే దుమ్ము మంచం మీద రాలకుండా గలీబులోనే ఉండిపోతుంది. తుడిచాక కూడా నెమ్మదిగా తిరుగుతోందంటే చాలాసార్లు కెపాసిటర్ అయ్యుంటుంది, దాన్ని మార్చడానికి పెద్ద ఖర్చేం కాదు, దాని కోసం కొత్త ఫ్యాన్ కొనకండి. ఏసీ ఉంటే ఫిల్టరు తీసి కుళాయి కింద కడిగి నీడన ఆరబెట్టండి. 24 డిగ్రీల దగ్గర వాడండి, ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు దాదాపు 6 శాతం ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. కూలర్ గురించి అడిగితే నా మాట సూటిగా ఒకటే: గాలిలో తేమ ఎక్కువున్నచోట నీళ్లు ఆవిరవ్వవు, ఆవిరవ్వకపోతే చల్లదనం రాదు. తీరం ఊళ్లలో అది వట్టి చప్పుడు చేసే ఫ్యాన్. కొనే ఉంటే గడ్డి మార్చి, కిటికీ తెరిచి పెట్టి వాడుకోండి.

ఇన్వర్టర్ బ్యాటరీని చాలామంది ఏడాదంతా మర్చిపోయి, గాలివాన రాత్రి గుర్తు చేసుకుంటారు. ట్యూబులర్ బ్యాటరీ అయితే పైన ఉన్న సూచికలు చూడండి, ఎర్ర గీతకి దిగితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కుళాయి నీళ్లు, ఆర్వో నీళ్లు పనికిరావు, యాసిడ్ అసలే వద్దు. బ్యాటరీ పూర్తిగా చార్జ్ అయ్యాక ఆపేసి, పచ్చ గీత దాటకుండా పోయండి, అంతకు మించితే చార్జింగప్పుడు పొంగి కింద టైల్స్ పాడవుతాయి. టెర్మినల్స్ మీద తెల్లగా బూజులా పట్టిందా, గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, ఆరాక వ్యాజలీన్ రాయండి.

ఇక ఫోను. ఇది కుర్చీలో కూర్చుని చేసుకునే పని, ఎండ బాగా పెరిగిన వేళకి అట్టేపెట్టుకోండి. ఉగాది శుభాకాంక్షల వరద మొదలవ్వకముందే చేయాలి మరి! వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ నొక్కితే 5 ఎంబీ దాటినవీ, పదే పదే ఫార్వర్డ్ అయినవీ విడివిడిగా కనిపిస్తాయి. పెళ్లి వీడియోలు ఏరుకుని మిగతావి తీసేయండి. చుట్టాల గ్రూపుల్లో మీడియా విజిబిలిటీ ఆపేస్తే గుడ్ మార్నింగ్ పువ్వులు గ్యాలరీలోకి దిగవు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఫోటోలు, జీమెయిల్, డ్రైవ్ అన్నీ కలిసే ఉంటాయి కాబట్టి, పాత ఫోటోలు ఒక పెన్‌డ్రైవ్‌లోకీ కాపీ చేసుకోండి. బ్యాటరీకి వేడే శత్రువు. బండి డిక్కీలోనూ కిటికీ గట్టు మీదా ఫోను వదలకండి, చార్జింగప్పుడు కవరు తీసేయండి.

ఫోను చేతిలో ఉండగానే దామిని యాప్ వేసుకోండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసింది, మీరున్నచోటికి 20, 40 కిలోమీటర్ల దూరంలో పిడుగుల సంగతి చెప్తుంది. వేసుకుంటే సరిపోదు, లొకేషన్ అనుమతి 'ఎప్పుడూ' అని ఇచ్చి, బ్యాటరీ సేవర్‌లోంచి దాన్ని తప్పించాలి. లేకపోతే ఫోను దాన్ని నిద్రపుచ్చేస్తుంది, మనకేమో సమయానికి అలర్ట్ రాదు. మార్చి చివరి నుంచి సాయంత్రాలు ఒడిశా కొండల వైపు నల్లగా కమ్మిందంటే యాప్ మోగేదాకా ఆగొద్దు. ఉరుము వినబడితే మేడ మీద ఏమున్నా వదిలేసి కిందికి దిగండి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కకండి. టీవీ, వైఫై డబ్బా ప్లగ్గులు ఉరుము దూరంగా ఉన్నప్పుడే పీకేయండి, కేబుల్ వైరు కూడా.